డాక్టరు ఇంటి బీమాను సరిచూసుకోవడం ఎలా: మొత్తాల కంటే ముందు తేదీలు చూడండి

డాక్టర్ల ఇళ్లల్లో పాలసీలకు కొదవ ఉండదు. హౌస్‌సర్జన్సీ రోజుల్లో చుట్టాలాయన కట్టించిన ఎండోమెంట్ (పొదుపు కలిసిన జీవిత బీమా), ఇంటి లోను ఇస్తూ బ్యాంకు వాళ్లు సంతకం పెట్టించుకున్న పాలసీ, ఆస్పత్రి ఇచ్చిన గ్రూప్ కార్డు, ఎప్పుడో కాన్ఫరెన్సులో స్టాల్ దగ్గర తీసుకున్న ఇండెమ్నిటీ, అంటే రోగి కేసు వేస్తే పరిహారం భరించే పాలసీ. అన్నీ ఒకే బీరువాలో ఉంటాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివిన ఇల్లు మాత్రం అరుదు. కోటి ఉందా, రెండు కోట్లు ఉందా అని మొత్తం ఒక్కటే చూస్తాం. తీరా క్లెయిము వచ్చినప్పుడు దెబ్బ కొట్టేది పాలసీలో వేసిన ఒక తేదీ, లేదా మన పనికి సరిపోని ఒక మాట. ఈ సరిచూపు ఆ రెంటి కోసమే. భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుంటే ఒక ఆదివారం పూట సరిపోతుంది. ఒక్కరే కూర్చుంటే సగం ప్రయోజనం పోతుంది.

1. కాగితాలన్నీ బయటికి తీసి ఒక పట్టిక రాయండి

ప్రతి పాలసీకీ ఒక వరస. అందులో రాయాల్సినవి: కంపెనీ, పాలసీ నంబరు, ఎవరి పేరు మీద ఉంది, ఎంత మొత్తం, మొదట తీసుకున్న తేదీ, రెన్యువల్ తేదీ, నామినీ. బ్రోచర్ చూసి రాయకండి. పాలసీ మొదటి పేజీల్లో షెడ్యూల్ అని ఉంటుంది, దాన్ని చూసి రాయండి. ఏజెంటు నోటిమాట ఏదైనా క్లెయిము రోజున కంపెనీ చూసేది ఆ షెడ్యూలూ, దాని వెనక ఉన్న నిబంధనలే.

పట్టిక రాస్తుండగానే కొన్ని తప్పులు వాటంతట అవే బయటపడతాయి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీ ఇంకా నాన్నగారే ఉంటారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే పాలసీలో ఒక్క అక్షరమే ఉంటుంది. మెహిదీపట్నం అద్దె ఇల్లు వదిలి పదేళ్లయినా ఉత్తరాలు అక్కడికే పోతుంటాయి. వీటిని ఆ వారంలోనే ఎండార్స్‌మెంట్ (పాలసీ వివరాల్లో మార్పు) పెట్టి సరిచేయించుకోండి. జీవిత బీమాలో నామినీ, చిరునామా మార్పులు సాధారణంగా ఒక ఫారంతో అయిపోతాయి.

2. ఆస్పత్రితో మీ ఒప్పందం చదవండి

హైదరాబాదు కార్పొరేట్ ఆస్పత్రుల్లో కన్సల్టెంట్లు చాలామంది ఉద్యోగులు కారు. మినిమమ్ గ్యారంటీ మీదో, కేసుకింత అన్న లెక్క మీదో పనిచేస్తారు. టీడీఎస్ జీతం కింద కోస్తున్నారా, వృత్తి ఫీజు కింద కోస్తున్నారా అన్నది చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. వృత్తి ఫీజు అయితే పీఎఫ్, గ్రాట్యుటీ ఉండవు. గ్రూప్ మెడిక్లెయిము ఉందనుకోవడం కూడా చాలాసార్లు భ్రమే. మెడలో ఆస్పత్రి ఐడీ కార్డు ఉంది కదా, బీమా కూడా ఉండే ఉంటుంది అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. హెచ్‌ఆర్ వాళ్లను అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

అదే ఒప్పందంలో ఇంకో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి: చికిత్సలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే ఆస్పత్రికి అయ్యే నష్టాన్ని కన్సల్టెంటే భరించాలన్న క్లాజు ఉందా? రెండు: ఆస్పత్రి తీసుకున్న ఇండెమ్నిటీ పాలసీలో మీ పేరు ఉందా, లేక అది ఆస్పత్రి బాధ్యత వరకేనా? చాలామంది డాక్టర్లు ఆస్పత్రి పాలసీ తమకూ గొడుగే అనుకుంటారు. కేసులో ఆస్పత్రి దారి వేరు, డాక్టరు దారి వేరు అయిన రోజున ఆ గొడుగు కింద మీకు చోటుండకపోవచ్చు. మీ పేరు మీద మీ సొంత పాలసీ ఉండాల్సిందే.

3. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ: ఇక్కడ ఎక్కువసేపు ఆగండి

1995లో వీ.పీ. శాంత కేసు తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. 2019 నాటి కొత్త చట్టం వచ్చాకా అదే పరిస్థితి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే ఆ తర్వాత కూడా వినియోగదారుల కమిషన్ ఆ ఫిర్యాదును తీసుకోవచ్చు. మొదలైన కేసు ఎన్నేళ్లు సాగుతుందో చూడటానికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో 1990లో జరిగిన ఒక ఆపరేషన్ మీద సుప్రీంకోర్టు తుది తీర్పు 2009లో వచ్చింది. పరిహారం కోటి రూపాయలు, దాని మీద వడ్డీ. చేతిలోని పాలసీని ఈ కాలమానంతో చూడాలి.

మన దేశంలో డాక్టర్లకు అమ్మే ఇండెమ్నిటీ పాలసీలు క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో ఉంటాయి. అంటే ఆపరేషన్ చేసిన నాటి పాలసీ కాక, మీ మీద క్లెయిము వచ్చిన నాటి పాలసీ డబ్బు ఇస్తుంది. దానికి ఒక షరతుంది: ఆపరేషన్ జరిగిన రోజు షెడ్యూల్‌లో రాసిన రెట్రోయాక్టివ్ డేట్ తర్వాతిదై ఉండాలి. డాక్టరు బీమా మొత్తంలో ఇంత విలువైన తేదీ ఇంకోటి లేదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక సర్జన్ 2019 జూన్‌లో మొదటి పాలసీ తీసుకున్నారు, ఏటా కడుతున్నారు. 2022 మార్చిలో పిత్తాశయం ఆపరేషన్ చేశారు. 2024 జూన్‌లో ప్రీమియం తక్కువని వేరే కంపెనీకి మారారు. కొత్త షెడ్యూల్‌లో రెట్రోయాక్టివ్ డేట్ 20-06-2024 అని పడింది. ఆయన చూసుకోలేదు. కొన్నాళ్లకు ఆ 2022 ఆపరేషన్ మీద నోటీసు వచ్చింది. పాత కంపెనీ, మా పాలసీ నడుస్తుండగా క్లెయిము రాలేదు కాబట్టి ఇవ్వం అంటుంది. కొత్త కంపెనీ, ఆపరేషన్ మా తేదీకి ముందుది కాబట్టి ఇవ్వం అంటుంది. ఐదేళ్లు ప్రీమియం కట్టినా ఆ కేసుకు చేతిలో ఏమీ లేదు. కంపెనీ మారేటప్పుడు పాత పాలసీల కాపీలన్నీ ఇచ్చి, రెట్రోయాక్టివ్ డేట్ 2019 జూన్‌దే ఉంచాలని రాతపూర్వకంగా అడిగి ఉంటే ఈ గండం తప్పేది. రెన్యువల్ గడువు దాటిపోయినా ఇదే ప్రమాదం. కొత్త పాలసీ ఇస్తారు, తేదీ మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది.

కాబట్టి ఇప్పుడే షెడ్యూల్ తీసి ఆ తేదీ కింద గీత గీయండి. మీరు ప్రాక్టీసులో వరుసగా పాలసీ ఉంచుకున్న మొదటి రోజు, ఆ తేదీ ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే పాత పాలసీలు జతచేసి ఈ వారమే కంపెనీకి రాయండి.

తర్వాత చూడాల్సింది మొత్తం ఎలా విడగొట్టారన్నది. పాలసీ మీద కోటి అని పెద్దక్షరాలతో ఉంటుంది. పక్కనే 1:4 అని చిన్నగా ఉంటుంది. అంటే ఏడాది మొత్తానికి కోటి, ఒక్కో కేసుకు మాత్రం 25 లక్షలే. ప్రీమియం తగ్గడానికి ఏజెంట్లు ఈ నిష్పత్తిని వాడుకుంటారు. ఒకే ఏడాది నాలుగు పెద్ద కేసులు రావడం కంటే ఒక్క పెద్ద కేసు రావడమే ఎక్కువ జరిగే పని కాబట్టి 1:1 తీసుకోవడం మేలు. ప్రసూతి, అనస్థీషియా, న్యూరోసర్జరీ, ఆర్థోపెడిక్స్ వాళ్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది. చాలా పాలసీల్లో లాయరు ఫీజులు కూడా ఈ మొత్తంలోంచే పోతాయి. ఎంత పెట్టుకోవాలని అడిగితే, సర్జికల్ బ్రాంచీలవాళ్లు ఒక్కో కేసుకు కోటికి తగ్గకుండా చూసుకోండనే చెబుతాం. మీ రోగుల్లో నెలకు లక్షల్లో సంపాదించే పాతికేళ్ల ఐటీ ఉద్యోగులుంటే ఇంకా పెంచండి. కమిషన్ పరిహారం లెక్కగట్టేటప్పుడు రోగి వయసు, సంపాదన చూస్తుంది. మాధాపూర్, గచ్చిబౌలి వైపు ప్రాక్టీసుకు ఈ లెక్క తప్పదు.

మినహాయింపుల పేజీ చదివేటప్పుడు పక్కన మీరు నిజంగా చేసే పనుల జాబితా పెట్టుకోండి. అందం కోసం చేసే సర్జరీ, జుట్టు నాటడం, బరువు తగ్గించే చికిత్సలు చాలా పాలసీల్లో విడిగా అడిగితే తప్ప రావు. డెర్మటాలజిస్టు పాలసీ ఉందనుకుని లేజర్ చేస్తుంటారు, షెడ్యూల్‌లో మాత్రం ఓపీ కన్సల్టేషన్ అని ఉంటుంది. వీడియో కన్సల్టేషన్లు చేస్తుంటే అవీ ఉన్నాయా అని అడగండి. క్లినిక్‌లో మీ కింద పనిచేసే నర్సు, కాంపౌండరు చేసిన పొరపాటు మీ పాలసీలో వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. ఫలితం గ్యారంటీ అని రోగికి రాసిచ్చినా, ప్రకటన వేసినా ఆ గ్యారంటీ నుంచి పుట్టే బాధ్యతకు పాలసీ రాదు. జరిమానాలకు, పీసీపీఎన్‌డీటీ (గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) ఉల్లంఘనలకు కూడా రాదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ (నిర్లక్ష్యం వల్ల మరణం) కింద క్రిమినల్ కేసు పెడితే శిక్షకు బీమా ఉండదు. లాయరు ఖర్చు వరకు ఇచ్చే పాలసీలు ఉన్నాయి, అడిగి తీసుకోవాలి.

రిజిస్ట్రేషన్ కూడా బీమా కాగితమే అనుకోండి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రెన్యువల్ ఐదేళ్లకోసారి. గడువు దాటిన రిజిస్ట్రేషన్‌తో చేసిన ఆపరేషన్ మీద క్లెయిము వస్తే కంపెనీకి మీరే సాకు అందించినట్టు. పీజీ, సూపర్ స్పెషాలిటీ డిగ్రీ చేతిలో ఉన్నా కౌన్సిల్‌లో అడిషనల్ క్వాలిఫికేషన్‌గా నమోదు చేయించుకోని వాళ్లు ఆశ్చర్యపడేంతమంది ఉన్నారు. వేరే రాష్ట్రంలో చదివి, అక్కడి రిజిస్ట్రేషన్‌తోనే ఇక్కడ పనిచేస్తుంటే ముందు ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడికి మార్పించుకోండి.

లాయరు నోటీసు వచ్చిన రోజు ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. మొదట కంపెనీకి మెయిల్, అదే రోజు. రోగి బంధువులకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకోవడం, ఎంతో కొంత ఇచ్చి సర్దుకోవడం కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా చేస్తే పాలసీ చెల్లకుండా పోవచ్చు. నోటీసును పట్టించుకోకుండా ఉండటం ఇంకా ప్రమాదం. వినియోగదారుల కమిషన్ నుంచి ఫిర్యాదు కాపీ అందాక జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ పొడిగిస్తే మరో 15 రోజులు. 45 రోజులు దాటితే కమిషన్ తలచుకున్నా తీసుకోలేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. కంపెనీ లాయరును నియమించడానికే రెండు వారాలు పడుతుంది కాబట్టి మీ దగ్గర మిగిలేది చాలా తక్కువ. కేస్ షీట్ జిరాక్సు వెంటనే తీయించుకోండి. అందులో ఒక్క అక్షరం కూడా తర్వాత దిద్దకండి, కలపకండి. దిద్దిన కేస్ షీట్‌తో గెలవాల్సిన కేసు కూడా ఓడిపోతారు.

ప్రాక్టీసు మానేసినా, విదేశం వెళ్లినా పాలసీ వెంటనే ఆపకండి. పాత ఆపరేషన్ల మీద క్లెయిములు తర్వాత రావచ్చు. కనీసం కొన్నేళ్లు కొనసాగించండి, లేదా పాలసీ ఆగాక వచ్చే క్లెయిములకూ వర్తించే ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్ ఇస్తారేమో అడగండి. డాక్టరు పోయాక వారసుల మీద క్లెయిము వస్తే పాలసీ వర్తిస్తుందా అన్న మాట కూడా నిబంధనల్లో వెతకండి. అసోసియేషన్లు నడిపే ప్రొటెక్షన్ స్కీములు లాయరు సాయం వరకు మంచివే. అవి బీమా కంపెనీ పాలసీలా, సభ్యుల నిధా అన్నది తెలుసుకోకుండా వాటి మీదే ఆధారపడొద్దు.

4. చేతులకు బీమా

మీ ఆదాయమంతా చేతుల మీద నడుస్తుంటే ఈ మెట్టు దాటెయ్యకండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ వెనక పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది: ఏ అవయవం పోతే ఎంత శాతం. చాలా పాలసీల్లో ముద్రించే పట్టిక ప్రకారం బొటనవేలు మొత్తం పోతే 25 శాతం, చూపుడువేలు మూడు కణుపులూ పోతే 10 శాతం. కోటి రూపాయల పాలసీ ఉన్న మైక్రోసర్జన్‌కు చూపుడువేలు పోతే వచ్చేది 10 లక్షలు. గుమస్తాకైనా అంతే. పాలసీ వేలికి వెల కడుతుంది, ఆ వేలితో నడిచే వృత్తికి కట్టదు.

శాశ్వత పూర్తి అంగవైకల్యం అన్న మాటకు నిర్వచనం కూడా చదవండి. ఏ పనీ చేయలేని స్థితి అని రాసి ఉంటే, ఆపరేషన్ చేయలేకపోయినా కాలేజీలో పాఠం చెప్పగలిగిన సర్జన్‌కు ఆ క్లాజు కింద డబ్బు రాదు. తన వృత్తి చేయలేని స్థితి అని రాసిన పాలసీ దొరికితే ప్రీమియం ఎక్కువైనా అదే తీసుకోండి. తాత్కాలికంగా పనికి పోలేనప్పుడు వారానికి ఇచ్చే మొత్తం చాలా పాలసీల్లో 5,000 దగ్గరే ఆగిపోతుంది. మణికట్టు విరిగి మూడు నెలలు థియేటర్‌కు పోని ఆర్థోపెడిక్ సర్జన్‌కు అది ఏ మూలకూ చాలదు. దానికి విరుగుడు బ్యాంకులో ఉంచుకునే ఆరు నెలల నుంచి ఏడాది ఖర్చు. ఈఎంఐలు, క్లినిక్ అద్దె, స్టాఫ్ జీతాలు అన్నీ కలిపి లెక్కవేయండి.

సూది గుచ్చుకుని హెపటైటిస్, హెచ్‌ఐవీ సోకితే వర్తిస్తుందా అని విడిగా అడగండి. చాలా యాక్సిడెంట్ పాలసీల్లో రాదు.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ నిర్వచనాలు మీకు ఏజెంటు కంటే బాగా అర్థమవుతాయి, కాబట్టి మీరే చదవండి. తొలి 90 రోజుల్లో బయటపడ్డ జబ్బుకు రాదు. ఇన్‌సిటు దశలో, అంటే పుట్టిన పొర దాటి పాకని దశలో ఉన్న కేన్సర్‌కు రాదు. పక్షవాతమైతే నాడీలోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. బైపాస్‌కు వస్తుంది, స్టెంటుకు మామూలుగా రాదు. ఇవి తెలిసి తీసుకుంటే మంచి పాలసీయే, ఎందుకంటే జబ్బు వల్ల పని ఆగితే యాక్సిడెంట్ పాలసీ రూపాయి ఇవ్వదు.

5. టర్మ్ ఇన్సూరెన్స్: మీ ఇంటి లెక్క మీరే వేయండి

టర్మ్ అంటే మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా. ఆదాయానికి పది రెట్లు, పదిహేను రెట్లు తీసుకోవాలన్న సూత్రాలు డాక్టర్లకు సరిగా అతకవు. ముప్ఫై దాటాక గానీ సంపాదన మొదలవదు, అప్పటికే చదువు అప్పు ఉంటుంది, ఆ వెంటనే నర్సింగ్‌హోమ్ అప్పు. ఖర్చు వైపు నుంచి లెక్క వేయండి.

42 ఏళ్ల డాక్టరు, గృహిణి భార్య, 12, 8 ఏళ్ల పిల్లలు అనుకుందాం. ఆయన సొంత ఖర్చు తీసేశాక ఇంటికి ఏడాదికి 15 లక్షలు కావాలి. చిన్నపిల్లకు 25 వచ్చేదాకా 17 ఏళ్లు, అంటే 2.55 కోట్లు. ఆ తర్వాత భార్యకు ఏడాదికి 8 లక్షల చొప్పున 25 ఏళ్లు, 2 కోట్లు. కొంపల్లి ఇంటి లోను 80 లక్షలు, స్కానింగ్ మెషీన్ లోను 40 లక్షలు. పిల్లల చదువులకు కోటి. మొత్తం 6.75 కోట్లు. ఇందులోంచి ఉన్న పొదుపు 1.5 కోట్లు, పాత టర్మ్ పాలసీ కోటి తీసేస్తే 4.25 కోట్లు లోటు. పెట్టుబడి మీద రాబడీ, ధరల పెరుగుదలా దాదాపు సమానమని అనుకుని వేసిన మోటు లెక్క ఇది. అయినా ఏజెంటు చెప్పే గుండ్రటి అంకె కంటే నయం. ఉంటున్న ఇల్లు, ఊళ్లో పొలం పొదుపు కింద కలపకండి. వాటిని అమ్మి పిల్లల ఫీజులు కట్టే పరిస్థితి రాకూడదనే కదా బీమా.

ఇద్దరూ డాక్టర్లయితే ఇద్దరికీ విడివిడిగా ఈ లెక్క వేయాలి. గృహిణికి కూడా వేయండి. ఆమె లేకపోతే నైట్ డ్యూటీకి పోయే మనిషి ఇంట్లో పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారు?

అప్పులున్న డాక్టరు తప్పక తెలుసుకోవాల్సింది 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. పెళ్లైన పురుషుడు తన ప్రాణం మీద పాలసీ తీసుకుంటూ, దాని 6వ సెక్షన్ కింద భార్యాపిల్లల కోసమని రాయిస్తే ఆ డబ్బు వాళ్ల కోసం ట్రస్టు అవుతుంది. నర్సింగ్‌హోమ్ లోనుకు వ్యక్తిగత హామీ సంతకం పెట్టి ఉన్నా, అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసింది కాకపోతే, ఆ డబ్బును వాళ్లు జప్తు చేయలేరు. ప్రపోజల్ ఫారం నింపేటప్పుడే ఈ మాట చెప్పాలి. పాలసీ వచ్చాక చేర్చడం కుదరదు. లబ్ధిదారులను తర్వాత మీ ఇష్టానికి మార్చడమూ కుదరదు. ఈ సెక్షన్ భర్త తీసుకునే పాలసీకే. మహిళా డాక్టర్లు తమ పాలసీలో భర్తనో పిల్లలనో నామినీగా సక్రమంగా రాయించి, ఆస్తులన్నిటికీ కలిపి వీలునామా రాసుకోవడం మంచి దారి.

పొగతాగడం, బీపీ, ఇతర కంపెనీల్లో ఉన్న పాలసీలు, అన్నీ ఫారంలో నిజం రాయండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణం మీదా పాలసీని ప్రశ్నించలేదు. ఆ మూడేళ్ల లోపల మాత్రం ప్రతి దాపరికమూ మీ భార్య మెడకు చుట్టుకుంటుంది.

6. ఆరోగ్య బీమా: డాక్టర్లకే వచ్చే చిక్కులు

తన జబ్బుకు తనే మందు రాసుకునే అలవాటు డాక్టర్లది. షుగర్ మాత్రలు స్టోర్ నుంచి తెప్పించుకుంటారు, ఫైలు ఉండదు. ప్రపోజల్ ఫారంలో ఏ జబ్బూ లేదని టిక్కు పెడతారు. మూడేళ్లకు గుండెనొప్పితో చేరినప్పుడు, డ్యూటీ డాక్టరు కుర్రాడు శ్రద్ధగా హిస్టరీ అడుగుతాడు, మీరు నిజమే చెబుతారు, అతను కేస్ షీట్‌లో షుగర్ పదేళ్ల నుంచి అని రాస్తాడు. టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) ముందు చదివేది ఆ లైనే. ముందే చెప్పి ఉంటే ఆ జబ్బుకు కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం, అంటే వెయిటింగ్ పీరియడ్, గరిష్ఠంగా 36 నెలలు. చెప్పకపోతే క్లెయిము పోతుంది, పాలసీనే రద్దు చేయొచ్చు. వరుసగా 60 నెలలు నడిచిన పాలసీని మాత్రం మోసం రుజువైతే తప్ప ఈ కారణంతో ప్రశ్నించలేరు. ఇప్పుడైనా చెప్పని జబ్బు ఉంటే రెన్యువల్‌లో రాతపూర్వకంగా చెప్పడం మంచిది.

రెండో చిక్కు: సొంత నర్సింగ్‌హోమ్‌లో, ఇంటివాళ్ల చేతిమీద చికిత్స. మీరో, మీ దగ్గరి బంధువో చేసిన చికిత్సను చాలా పాలసీలు ఒప్పుకోవు. నాన్నగారిని మీ పేరు మీద అడ్మిట్ చేయకండి, మీ కొలీగ్ పేరు మీద చేయించండి, నిజంగా ఆయనే చూడాలి. ఇక హాస్పిటల్ అన్న మాటకు నిర్వచనం: క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదంటే హైదరాబాదు లాంటి ఊళ్లో కనీసం 15 పడకలు, రాత్రింబవళ్లు డాక్టరు, నర్సులు ఉండాలి. మీ కొలీగ్ పదిపడకల సెంటర్ రిజిస్ట్రేషన్ ఏ స్థితిలో ఉందో అడిగాకే అక్కడ చేరండి.

గది అద్దె పరిమితి చూడండి. రోజుకు 5,000 పరిమితి ఉన్న పాలసీతో 10,000 గదిలో చేరితే, అద్దెలో తేడాతో పాటు సర్జన్ ఫీజు, ఓటీ చార్జీలు కూడా సగానికి కోస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల బిల్లును ఇలా కోయకూడదు. కోస్తే అడగండి.

ఇంటికంతటికీ 10 లక్షల బేస్ పాలసీ, దాని మీద 10 లక్షలు దాటాక మొదలయ్యే 90 లక్షల సూపర్ టాప్‌అప్ పెట్టుకుంటే మామూలు కోటి పాలసీ కంటే తరచూ చవకగా వస్తుంది. రెండింటి ధరా కనుక్కోండి. సూపర్ అన్న మాట చూసి తీసుకోండి. ఉత్త టాప్‌అప్ అయితే ఒక్కో అడ్మిషన్ బిల్లును విడిగా చూస్తుంది, సూపర్ టాప్‌అప్ ఏడాది బిల్లులన్నీ కలుపుతుంది. అమ్మానాన్నలను మీ ఫ్లోటర్‌లో (ఇంట్లో అందరికీ కలిపి ఒకే మొత్తం ఉండే పాలసీ) కలపకండి. ప్రీమియం అందరిలో పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కేస్తారు, వాళ్ల ఒక్క క్లెయిముతో పిల్లల కవర్ ఖాళీ అవుతుంది. వేరే కంపెనీకి మారాలంటే రెన్యువల్‌కు 45 రోజుల ముందే పోర్టబిలిటీ పెట్టండి, పూర్తి చేసిన వెయిటింగ్ కాలం వెంట వస్తుంది. కొత్త పాలసీ చేతికి వచ్చేదాకా పాతది వదలకండి.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ఖర్చుకు వెనుదీసి ఆపేసిన పెంపు ఏదైనా ఉంటే మళ్లీ ధర అడగండి. ఇండెమ్నిటీ మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది.

7. క్లినిక్, నర్సింగ్‌హోమ్ ఉంటే

భవనానికి, పరికరాలకు అగ్నిప్రమాద పాలసీ తీసుకునేటప్పుడు వాటిని ఇప్పుడు కొత్తగా కొనాలంటే ఎంతో అంతకు తీసుకోండి. 50 లక్షల మెషీన్‌కు 25 లక్షలే బీమా చేస్తే, 10 లక్షల నష్టానికి కూడా సగమే ఇచ్చే నిబంధన ఉంటుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదును ముంచిన వానను తలచుకోండి. సెల్లార్‌లో జనరేటరు, ఎక్స్‌రే గది ఉన్నవాళ్లు వరద కవర్ ఉందో లేదో, సెల్లార్‌లోని సామాను అందులో ఉందో లేదో విడిగా చూడాలి. అల్ట్రాసౌండ్ లాంటివాటికి కరెంటు హెచ్చుతగ్గుల నష్టానికి ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ వేరే. సిబ్బంది పదిమంది గానీ అంతకు మించి గానీ ఉంటే, నెలజీతం 21,000 లోపున్న వాళ్లకు ఈఎస్‌ఐ తప్పనిసరి. మిగతావాళ్లకు, పనిలో గాయపడితే పరిహారమిచ్చే వర్క్‌మెన్ పాలసీ తీసుకోండి.

8. తిరగ్గొడితే ఎక్కడికి, ఇంట్లో ఎవరికి ఏం తెలియాలి

క్లెయిము తిరగ్గొడితే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ ఆఫీసు హైదరాబాదులోనే, లకడీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తేల్చే అధికారం ఉంది. కంపెనీ తిరగ్గొట్టిన ఏడాదిలోపు వెళ్లాలి.

పట్టిక రెండు కాపీలు తీయండి. ఒకటి బీరువాలో, ఒకటి ఫోన్‌లో. ఇండెమ్నిటీ రెన్యువల్ తేదీకి 45 రోజుల ముందు, 15 రోజుల ముందు ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టండి. మీరు థియేటర్‌లో ఉన్న రోజున కూడా ప్రీమియం కట్టగలిగేలా ఆన్‌లైన్ పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్లకు తెలియాలి. ఆ ఆదివారం లేచేముందు మీ భార్యనో భర్తనో పట్టిక చేతికిచ్చి, ఇప్పుడు నేను ఐసీయూలో ఉన్నాననుకో, మొదటి ఫోన్ ఎవరికి చేస్తావు, ఏ కార్డు చూపిస్తావు అని అడగండి. చెప్పలేకపోయిన చోట పట్టికలో ఇంకో గడి గీసి, ఆ పేరూ నంబరూ అందులో రాయండి.